సంతకం చివర చుక్క

స్కూలు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. కళ్లనీళ్లు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి కాబట్టి, విన్న తర్వాత కొత్తగా ఏడవాల్సిన శ్రమ తప్పింది.

చేసినవాడు స్కూలు ఆఫీసు గుమస్తా. కొత్తగా చేరాడట. కొత్తగా చేరినవాళ్లకుండే జబ్బు అతనికీ ఉంది, కాగితంలో ఎన్ని గళ్లుంటే అన్నీ చదువుతాడు. మా అక్క కూతురి దరఖాస్తులో అమ్మ నంబరు, నాన్న నంబరు రెండూ పలకకపోతే అక్కడితో ఊరుకోకుండా, 'అత్యవసరమైతే' అని ఉన్న మూడో గడిలోకి దిగి నన్ను పట్టుకున్నాడు.

పిల్ల ఈ ఏడాది నలభై ఏడు రోజులు స్కూలుకి రాలేదని చెప్పాడు. ఆ గొంతులో ఫిర్యాదు కంటే మెచ్చుకోలే ఎక్కువ వినిపించింది.

"సెలవు చీటీ మాత్రం ఒక్కటీ తప్పలేదండి. ఒక వారం అమ్మగారి సంతకం, ఒక వారం నాన్నగారిది. ఇంత పద్ధతైన తల్లిదండ్రుల్ని నేనింతవరకు చూళ్లేదు."

అసలు సంగతి ఆ తర్వాత వచ్చింది. ఇంకో రెండు వారాల్లో పెద్ద పరీక్షలు. హాజరు తక్కువైన పిల్లల ఫారం మీద తల్లీ తండ్రీ ఇద్దరూ వచ్చి, హెడ్‌మిస్ట్రెస్ ఎదుట కూర్చుని సంతకాలు పెట్టాలి. గడువు శనివారం మధ్యాహ్నం పన్నెండు. దాటితే ఈ ఏడు పరీక్ష లేదు. వచ్చే ఏడు మళ్లీ అదే తరగతి, తనకంటే చిన్నపిల్లల పక్కన.

ఆ రోజు శుక్రవారం.

నేను చాలా పెద్దమనిషిలా "అలాగేనండి, తప్పకుండా" అని పెట్టేశాను. ఆ నలభై ఏడు రోజులూ పిల్ల పొద్దున్నే ఇస్త్రీ యూనిఫాం వేసుకుని, సంచీ భుజాన తగిలించుకుని బయల్దేరింది. స్కూలుకి కాకపోతే ఎక్కడికి?

అక్కా బావా విడిపోయి రెండేళ్లయింది. అక్క రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. వేలెడంత సీసాల మీద జనం పేర్లు రాసీ రాసీ ఆమె రాత చీమలబారులా తయారైంది. బావ లిఫ్టులు తనిఖీ చేసే ఇంజనీరు. లిఫ్టు లోపల అంటించే కార్డుల మీద 'తనిఖీ చేయబడినది' అని రాసే అలవాటులో ఒక్కో అక్షరాన్నీ ఇటుక పేర్చినట్టు పేరుస్తాడు. కోర్టు పిల్లని వారం వారం చొప్పున పంచింది. విడిపోగానే ఇద్దరూ చేసిన మొదటి పని, రెండోవాళ్లకి దొరక్కుండా ఫోన్ నంబర్లు మార్చుకోవడం. స్కూల్లో మాత్రం పాతవే ఉండిపోయాయి. ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు. పిల్లకి తట్టింది.

చేతులు మారడం మా ఇంట్లో జరిగేది. శుక్రవారం నాలుగింటికి పిల్ల స్కూలు నుంచి నేరుగా మా ఇంటికి వస్తుంది. ఆరింటికి అవతలివాళ్లు వచ్చి కింద వీధి మలుపులో నిలబడతారు. పిల్ల మెట్లు దిగి వెళ్తుంది. అలా అయితే అక్కా బావా ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు. మా ఇల్లు రెండు దేశాల మధ్య చెక్‌పోస్టు అన్నమాట. నేను బిస్కెట్లు పంచే సిపాయిని.

మాటలు లేకపోతే పిల్ల సంగతులు ఎలా తెలుస్తాయని లాయరు ఒక పుస్తకం పెట్టించాడు. నీలం అట్ట, పొడుగు పుస్తకం. పిల్ల గురించి తప్ప ఇంకోటి రాయకూడదు. 'జ్వరం. మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి.' 'సైన్సు ట్యూషన్ మంగళవారానికి మారింది.' కింద సంతకం, తేదీ. మోసేది పిల్ల. అందుకని మా ఆయన పిల్లకి 'టపా' అని పేరు పెట్టాడు. శుక్రవారం గంట మోగగానే "టపా వచ్చింది, తలుపు తీయ్" అనేవాడు. మొదట్లో అది కూడా నవ్వేది. తర్వాత ఇంట్లో అందరం అదే పేరుతో పిలవడం మొదలుపెట్టాం. దానికి నవ్వు ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు.

ఆ పుస్తకం తెరవనని ఇద్దరూ విడివిడిగా నాచేత ఒట్టు వేయించుకున్నారు. నన్ను బాగా ఎరిగినవాళ్లు మరి.

పుస్తకం అక్కర్లేకుండానే అక్క నాకు అంతా అప్పజెప్పేది. పిల్ల గురించి తప్ప రాయకూడదన్నచోట ఏం రాసుకునేవారో చెప్తే నమ్మరు. 'బూట్లు మీ ఇంట్లోనే ఉండిపోయాయి, మీ బుర్ర ఎక్కడ ఉండిపోయిందో తెలియదు' లాంటివి. బూట్లు మాత్రం నిజంగానే ఎప్పుడూ అవతలి ఇంట్లో ఉండేవి. చెప్పులతో వచ్చినందుకు టపా క్లాసు బయట నిలబడేది. బాస్కెట్‌బాల్ జట్టులో ఉండేది. మూడు మ్యాచ్‌లకి జెర్సీ అమ్మ దగ్గర, తను నాన్న దగ్గర. నాలుగో మ్యాచ్‌కి కోచ్ ఇంకో పిల్లని తీసుకున్నాడు. పుట్టినరోజుకి ఎనిమిదిమందిని పిలిస్తే, ఏ ఇంటికి రావాలో తెలియక నలుగురు ఒక ఇంటికి, ముగ్గురు ఇంకో ఇంటికి పోయారు. ఎనిమిదో పిల్ల కాసేపు వీధిలో నిలబడి ఇంటికి వెళ్లిపోయింది. టపా కేకు పట్టుకుని బస్సులో ఉంది. ఆ తర్వాత క్లాసులో దానికి కొత్త పలకరింపు పుట్టింది: "ఈ వారం ఎక్కడే?" అడిగి అడిగి వాళ్లకీ విసుగొచ్చింది. పిలవడం మానేశారు.

కేకు కథని నేను మా ఆయనకి అభినయించి మరీ చెప్పాను. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం.

ఇంతలో ఎనిమిది నెలల కింద పుస్తకం మర్యాద నేర్చింది. ఒకరోజు అక్క ఫోన్ చేసి, బావ మారిపోయాడని చెప్పింది. ల్యాబులో గంటలకొద్దీ నిలబడుతున్నావట, కాళ్లు జాగ్రత్త అని రాశాడట. పన్నెండేళ్ల కాపురంలో తనకి కాళ్లున్నాయని ఆయన గుర్తించడం ఇదే మొదటిసారి అంది. బావ కూడా ఒకసారి మలుపులో నన్ను చూసి, మీ అక్క మెత్తబడిందమ్మా అన్నాడు. కాలం ఎంత గొప్పదో కదా అని నేను మా ఆయనకి ఉపన్యాసం కూడా ఇచ్చాను.

ఇక్కడ నా గురించి ఒక ముక్క చెప్పాలి. కాలేజీ హాస్టల్లో మా వార్డెన్ సంతకం వార్డెన్ కంటే బాగా పెట్టేదాన్ని. కిటుకేమంటే, అసలు సంతకాన్ని తలకిందులుగా పెట్టుకోవాలి. అప్పుడు అది అక్షరాల్లా కనపడదు, బొమ్మలా కనపడుతుంది. ఆ బొమ్మని గీయాలి, అంతే. ఒక్కటే లోపం. తలకిందులుగా మొదలుపెడతాం కాబట్టి మొదటి ఒత్తు సంతకం చివర పడుతుంది. పరీక్షగా చూస్తే ఆఖరి గీత కొసన చిన్న సిరాచుక్క ఉంటుంది. అంత పరీక్షగా ఎవరూ చూడరు.

గతేడాది ఒక శుక్రవారం టపా ఏడుస్తూ వచ్చింది. ఏదో సైన్సు ప్రదర్శన చీటీ మీద అమ్మ సంతకం కావాలి. అమ్మ వారం అయిపోయింది, అమ్మ డ్యూటీలో ఉంది. పిల్ల ఏడుపు చూడలేక నేనే పెట్టేశాను. పెట్టి ఊరుకోవచ్చు కదా? ఎలా పెట్టానో కూడా చూపించాను. వార్డెన్ కథ చెప్పాను. టపా కళ్లు తుడుచుకుని, ఇంకోసారి చూపించు పిన్నీ అంది. నాకు చాలా గర్వంగా అనిపించింది.

సరిగ్గా నాలుగింటికి గంట మోగింది. టపా లోపలికొచ్చి బూట్లు విప్పి గోడవారగా జతగా పెట్టింది. రోజంతా బడిలో ఉన్న పిల్ల సాయంత్రానికి ఎలా ఉండాలో అలా లేదు. చొక్కా మీద మడత లేదు, వేళ్లకి సిరా లేదు, బూట్లకి దుమ్ము లేదు. పాలు తాగింది. స్కూలెలా ఉందంటే బాగుంది అంది. మొహం కడుక్కోవడానికి వెళ్లింది.

నేను ఒట్టు తీసి గట్టున పెట్టి దాని సంచీలోంచి నీలం పుస్తకం తీశాను.

మొదటి ఏడాది పేజీలు తిట్లతో నలిగిపోయి ఉన్నాయి. వాటి వెనక తెల్లగా, శుభ్రంగా ఎనిమిది నెలలు. ఇటుకల రాతలో బావ అడుగుతున్నాడు, చీమల రాతలో అక్క జవాబు చెప్తోంది. 'ఈసారి తల్లిదండ్రుల సమావేశానికి నేను వెళ్తాను, నువ్వు విశ్రాంతి తీసుకో.' తర్వాతి పేజీలో, ఆ సమావేశానికే అక్క రాసింది: 'ఈసారి నేను వెళ్తాను, మీరు శ్రమపడకండి.' ఎవరి పేజీ వాళ్లకి చూపించి, రెండోది క్లిప్పు పెట్టి మూసేది కాబోలు, పేజీల మీద క్లిప్పుల గుర్తులు ఇంకా ఉన్నాయి. ఒకచోట బావ, ఇంటి గోడ రంగు విషయంలో ఆ రోజు నాదే తప్పు అని రాశాడు. మా బావకి తప్పు అనే మాట ఎదుటివాళ్ల విషయంలో తప్ప వాడటం రాదు.

పుస్తకాన్ని కిటికీ వెలుగులోకి తిప్పాను. ఇటుకల సంతకం చివర చుక్క. చీమల సంతకం చివర చుక్క. పేజీ తిప్పితే చుక్క. మధ్యమధ్య పేజీలు చింపేసిన ఆనవాళ్లు. ఎనిమిది నెలలుగా అక్కా బావా రాసిన మాట ఒక్కటీ ఒకరి నుంచి ఒకరికి చేరలేదు. ఇద్దరూ వాళ్ల కూతురితోనే ఉత్తరాలు నడుపుతున్నారు.

ఆఖరి రెండు పేజీల్లో ఆ రోజు తేదీతో చెరొక చీటీ ఉంది. అక్కకి బావ: 'పరీక్షలు కదా, ఈ వారం కూడా నా దగ్గరే ఉంచుకుంటాను.' బావకి అక్క: 'పరీక్షలు కదా, ఈ వారం నా దగ్గరికే తీసుకెళ్తాను.' పొద్దున్నే ఎవరికి రాసింది వాళ్లకి చూపించి ఉంటుంది, ఇద్దరూ సరే అనుకుని ఉంటారు. అంటే ఈ వారం పిల్ల ఎవరి దగ్గరా లేదు.

బాత్రూమ్ తలుపు చప్పుడైంది. పుస్తకం సంచీలో పెట్టేశాను. బిస్కెట్ల డబ్బా మూత పెట్టడానికి మూడుసార్లు ప్రయత్నించాను.

ఆరింటికి ఐదు నిమిషాల ముందు టపా సంచీ తగిలించుకుంది. అమ్మ మలుపులో ఉంది పిన్నీ, వెళ్తా అంది. ఇన్నాళ్లూ నేను ఆ మాట విని తలుపేసుకునేదాన్ని. ఈసారి బాల్కనీలోకెళ్లి తొంగిచూశాను. మలుపులో ఎవరూ లేరు. టపా అక్కడ రెండు క్షణాలు ఆగింది. ఎవరో ఉన్నట్టు తలూపింది. పక్క వీధిలోకి తిరిగింది.

చెప్పులేసుకుని వెనకే బయల్దేరాను. తలుపు దగ్గర మేకుకి తాళంచెవుల గుత్తి కనిపించింది. దాంట్లో పాత ఇంటి తాళంచెవి ఉండాలి. ముగ్గురూ కలిసి ఉన్న ఫ్లాటు అది. అమ్మడానికి ఇద్దరూ ఒప్పుకోక తాళమేసి, ఒకరినొకరు నమ్మక చెవి నాకిచ్చారు. గుత్తి ఉంది. దాంట్లో ఉన్నది మా పాత బీరువా చెవి. ఎన్నాళ్లుగా బీరువా చెవికి కాపలా కాస్తున్నానో దేవుడికే తెలియాలి.

ఎటు వెళ్తోందో ఇక వెతుక్కోవాల్సిన పనిలేదు.

పాత ఇంటి తలుపు ఓరగా వేసి ఉంది. సాయంత్రపు ఎండ ఇంకా కిటికీలో ఉంది. సామానంతా దుప్పట్ల కింద ఉంది, ఒక్క భోజనాల బల్లా మూడు కుర్చీలూ తప్ప. బల్ల మీద మూడు గ్లాసుల్లో నీళ్లు. ఒక గ్లాసు ముందు పుస్తకాలు, స్కూల్లో ఏ పీరియడు తర్వాత ఏది వస్తుందో ఆ వరసలో.

"చెప్పులు బయట విప్పు పిన్నీ. ఇప్పుడే తుడిచాను," అంది టపా. ఉలిక్కిపడలేదు. నేను వస్తానని తెలిసినట్టే ఉంది.

వంటగది తలుపు చట్రం మీద పెన్సిలు గీతలున్నాయి. టపా చిన్నప్పటి నుంచి ప్రతి పుట్టినరోజుకీ బావ ఎత్తు కొలిచి గీత గీసి, పక్కన ఇటుకల అక్షరాల్లో తేదీ రాసేవాడు. గీతలు నా నడుము దగ్గర మొదలై నా చెవి దాకా వచ్చాయి. పై రెండింటి పక్కనా తేదీలు చూశాను. ఈ ఇంటికి తాళం పడిన తర్వాతివి అవి. రాత బావదే.

బల్ల మీది నోటుపుస్తకం తిప్పాను. లెక్కలన్నీ చేసి ఉన్నాయి. ఎర్ర సిరాతో దిద్ది ఉన్నాయి. అక్కడక్కడా చీమల రాతలో 'బాగుంది. ఇంకాస్త ఓపిక పట్టు' అని ఉంది. పిల్ల చదువు మానలేదు, బడి మానేసింది.

స్కూలు నుంచి ఫోన్ వచ్చిందని చెప్పాను. రేపు పన్నెండు లోపల అమ్మానాన్నా రావాలని చెప్పాను. తనకి తెలుసంది. నోటీసు పది రోజుల కిందే ఇచ్చారట. ఇక్కడెందుకే ఉంటున్నావని అడిగాను.

"ఇక్కడుంటే ఈ వారం ఎక్కడే అని ఎవరూ అడగరు."

తర్వాత కుర్చీ చూపించి నన్ను కూర్చోమంది. ఏ కుర్చీలో కూర్చోవాలో తెలియక నిలబడ్డాను. టపా చాలా నిదానంగా, సరుకుల జాబితా చదివినట్టు, తన ఏర్పాటు చెప్పింది.

"నువ్వు అమ్మలాగే ఉంటావు పిన్నీ. జుట్టు వెనక్కి కట్టుకుంటే చాలు. బాబాయిని కళ్లజోడు పెట్టుకోమను. గుమస్తా కొత్తవాడు. హెడ్‌మిస్ట్రెస్ వాళ్లని ఆరో తరగతిలో ఒక్కసారి చూసింది. సంతకాలు నీకెలాగూ వచ్చు."

నిజం చెప్పాలంటే, ఒక నిమిషం పాటు నేను మనసులో అక్క బట్టల్లో ఏవి నాకు పడతాయో వెతికాను. మా ఆయన బావలా చేతులు వెనక్కి కట్టుకుని నడవగలడా అని కూడా ఆలోచించాను. నడవగలడు. నవ్వకుండా ఉండలేడు.

కుదరదే, వాళ్లకి చెప్పాలి అన్నాను.

"చెప్తే ఒకచోట కూర్చుంటారు. కూర్చుంటే పుస్తకం గురించి మాట్లాడుకుంటారు. ఎనిమిది నెలలుగా వాళ్లు బాగున్నారు పిన్నీ. నువ్వే చెడగొట్టినట్టవుతుంది."

బెదిరింపులా అనలేదు. సాయంత్రానికి వాన పడొచ్చు, గొడుగు పట్టుకెళ్లు అన్నట్టు అంది.

దాన్ని వెంటబెట్టుకుని ఇంటికొచ్చి ఇద్దరికీ ఫోన్ చేశాను. అంతా చెప్పాను. నలభై ఏడు రోజులు, పాత ఇల్లు, తాళంచెవి, రేపటి గడువు. దొంగ సెలవు చీటీల సంగతి కూడా చెప్పాను. ఆ విద్య ఎక్కడ నేర్చిందో తెలియడం లేదే అని అక్క ఏడిచింది. ఈ కాలం పిల్లలకి ఒకరు నేర్పాలా అన్నాను. నీలం పుస్తకం సంగతి, వాళ్లే చూసుకుంటారులే అని నోరు విప్పలేదు. టపా సోఫాలో కూర్చుని నా మాటలన్నీ విన్నది. నా వాటా నేను చెప్పకుండా దాటేసినచోట ఒకసారి తలెత్తి చూసింది. మళ్లీ తల దించుకుంది.

శనివారం పదకొండింటికి హెడ్‌మిస్ట్రెస్ గది బయట బెంచీ మీద కూర్చున్నాం. ఒక కొసన అక్క, ఒక కొసన బావ, మధ్యలో టపా. నేను ఎదురుగా. రెండేళ్ల తర్వాత అంత దగ్గరగా కూర్చున్నవాళ్లు ముందు మర్యాదగానే ఉన్నారు. పిల్ల మీది బెంగ కొంత, ఎనిమిది నెలల ఉత్తరాల బలం కొంత. కాళ్ల నొప్పి గురించి అడిగినందుకు సంతోషం అంది అక్క, గోడవైపు చూస్తూ. నేనెప్పుడడిగాను అన్నాడు బావ. పుస్తకంలో రాశారుగా అంది. బావ, సరేలే, గోడ రంగు సంగతి నువ్వు మర్చిపోయినందుకు నేనూ సంతోషించాను అన్నాడు. మర్చిపోయానని నేనెప్పుడన్నాను, తప్పు మీదేనని మీరే రాశారుగా అంది అక్క.

ఇద్దరూ ఒకేసారి పిల్లవైపు తిరిగారు. టపా గోడగడియారం చూస్తోంది.

నీలం పుస్తకాన్ని అక్క ఆ సంచీలోంచి లాగింది. బావ అటునుంచి పట్టుకున్నాడు. పేజీలు తిప్పుతున్నకొద్దీ ఇద్దరి మొహాలూ రంగు మారాయి. ఆ రాతలు ఎవరివో తెలిసినప్పుడు కాదు, అవి అవతలివాళ్లవి కావని తెలిసినప్పుడు. నేను చూస్తూనే ఉన్నాను. అక్క మొహంలో కోపం కంటే ముందు ఇంకేదో వచ్చి పోయింది.

"అనుకున్నాను. మీకు ఇంత మంచి మాటలు ఎక్కణ్ణుంచి వస్తాయి?"

"నీకు వచ్చాయా మరి? పిల్ల రాసిపెడితే గానీ మనిషివి కాలేకపోయావు."

తర్వాతిది రాయక్కర్లేదు. రెండేళ్లుగా దాచుకున్నదంతా ఇద్దరూ స్కూలు వరండాలో దించుకున్నారు. పక్క క్లాసులో టీచరు కిటికీ మూసేసింది. టపా నావైపు చూసింది. చెప్పానా, అనలేదు.

పదకొండున్నరకి నలుగుర్నీ లోపలికి పిలిచారు. ఇద్దరూ ఫారం మీద సంతకాలు పెట్టారు. గుమస్తా వాటిని ఏడాదంతా వచ్చిన సెలవు చీటీల కట్ట పక్కన పెట్టి, కళ్లజోడు సవరించుకుని, తల అడ్డంగా ఊపాడు.

"ఇవి సరిపోవడం లేదు మేడమ్. మా దగ్గరున్నవి వేరు. వీళ్లు నిజంగా తల్లిదండ్రులేనా?"

బావ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. తన సంతకం దొంగదని తన మొహం మీదే చెప్పిన మనిషిని ఆయన జీవితంలో చూసి ఉండడు. గుర్తింపుకార్డులు తెప్పించి, అవి అక్షరం అక్షరం చదివి, గుమస్తా చివరికి ముద్ర కొట్టేసరికి పన్నెండుకి ఐదు నిమిషాలుంది. పరీక్ష దక్కింది.

హెడ్‌మిస్ట్రెస్ కట్టంతా పక్కకి నెట్టి, ఇకమీద ఈ పిల్ల విషయంలో తల్లి సంతకం, తండ్రి సంతకం ఏదీ చెల్లదంది. ఇద్దరి వైపూ మొగ్గని ఒక బాధ్యతగల మనిషి సంతకం కావాలంది. అక్కా, బావా, టపా ముగ్గురూ నావైపు చూశారు. ఆ విద్య నేర్పింది నేనేనని అప్పుడైనా చెప్పొచ్చు. నోరు తెరిచాను. అక్క కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. బావ దణ్ణం పెట్టినంత పని చేశాడు. నోరు మూసుకున్నాను.

గుమస్తా నా ముందు తెల్లకాగితం పెట్టి, నమూనాకి మూడు సంతకాలు పెట్టమన్నాడు. పెడుతుంటే టపా నా భుజం మీద నుంచి వంగి చూసింది. దాని ఊపిరి నా మెడకి తగిలింది. పాపం, కృతజ్ఞత అనుకున్నాను.

ఆ తర్వాత అందరం చాలా చురుగ్గా పనిచేశాం. పాత ఇంటికి బావ కొత్త తాళం వేయించాడు. చెవి రెండు, ఇద్దరి దగ్గరా చెరొకటి, నా దగ్గర లేదు. నీలం పుస్తకం లాయరు పట్టుకెళ్లాడు. అక్కా బావా కొత్త నంబర్లు ఇచ్చిపుచ్చుకుని, ఇప్పుడు నేరుగా ఫోన్లోనే అరుచుకుంటున్నారు. టపాని పొద్దున్నే ఎవరి వారమైతే వాళ్లు స్కూలు గేటు దగ్గర దింపుతున్నారు. తొమ్మిది రోజులు ఒక్క రోజు తప్పకుండా వెళ్లింది. పోయిన శుక్రవారం మా ఇంటికొచ్చి పాలు తాగింది. ఎలా ఉన్నావే అంటే, బాగున్నాను అంది. మా ఆయన టపా అని పిలవబోయి ఆగిపోయాడు. ఇంకేమని పిలవాలో ఆయనకి తెలియలేదు. నాకూ వెంటనే గుర్తురాలేదు.

ఈ రోజు మొదటి పరీక్ష. తొమ్మిదిన్నరకి హాలు తలుపులు మూస్తారు. ఎనిమిదింటికే గేటు దగ్గర దింపానని బావ ఫోన్ చేశాడు. లోపలికెళ్లిందా అంటే, గేటు దాకా వెళ్లింది, నాకు డ్యూటీకి టైమైంది అన్నాడు.

తొమ్మిదీ పదికి గుమస్తా ఫోన్ చేశాడు. గొంతులో అదే మెచ్చుకోలు.

"మీ ఉత్తరం అందిందండి. పిల్లకి ఒంట్లో బాగాలేదు, పరీక్షలు వచ్చే ఏడాది రాయిస్తామని రాశారు కదా. తొందరపడ్డారేమో, మేడమ్ ఒకసారి కనుక్కోమన్నారు. నేను సంతకం సరిచూశాను. మూడు నమూనాలతోనూ సరిపోయింది."

నేను ఉత్తరం రాయలేదని చెప్పాలి. దానికంటే ముందు నా నోట్లోంచి ఇంకోటి వచ్చింది. సంతకం చివర, ఆఖరి గీత కొసన, చిన్న సిరాచుక్క ఏమైనా ఉందేమో చూడమన్నాను. అతను కాగితాన్ని వెలుగులోకి తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

"లేదండి. చుక్కా గిక్కా ఏం లేదు. చాలా శుభ్రంగా ఉంది."

అంటే తలకిందులుగా పెట్టుకోవాల్సిన అవసరం దానికిక లేదు.

ఆ ఉత్తరం నాది కాదు, తలుపులు మూయొద్దని చెప్పండి అని అరిచాను. అతను ఫోన్ పట్టుకునే పరిగెత్తాడు. ఒక నిమిషం పాటు అడుగుల చప్పుడు, ఎవరో పేర్లు చదవడం వినిపించింది. తిరిగొచ్చి, కుర్చీ ఖాళీగానే ఉందండి, సంచీ కూడా లేదు అన్నాడు. ఎక్కడుంటుందో మీకేమైనా తెలుసా అని అడిగాడు.

చెప్పులేసుకుని వీధి మలుపు దాకా వచ్చాను. అది ఎక్కడుంటుందో మాకు తెలిసిన చోటు ఒక్కటే. దానికి పోయిన వారమే కొత్త తాళం వేశాం. తొమ్మిదీ పదిహేడయింది. మలుపులో రెండు వీధులున్నాయి, ఎటు నడవాలో నాకు తెలియడం లేదు.